మేము, మనం, వాళ్లంతా

రాజకీయ నాయకుడు ఎవరైనా ఒక ప్రాంతం వాళ్ల గురించో, ఒక రంగు వాళ్ల గురించో "వాళ్లంతా అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే దాన్ని రేసిజం అనాలా, స్టీరియోటైప్ అనాలా? మన క్లబ్‌లో పోయిన నెల చర్చకి పెట్టిన టాపిక్ ఇది. గంటన్నర గట్టిగానే వాదించుకున్నాం. సగం మంది "రెండూ ఒకటే, పేర్లే తేడా" అన్నారు. మిగతా సగం "ప్రతి మాటకీ రేసిజం అని ముద్ర వేస్తే ఇక నోరు విప్పడమే కష్టం" అన్నారు. నాకు ఈ రెండు మాటలూ పూర్తిగా ఎక్కలేదు. అక్కడ టైమ్ అయిపోయి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

ముందు మాటల సంగతి చూద్దాం. నేను ఇంగ్లిష్ మీడియం బాపతు. తెలుగు పదో తరగతి దాకా సెకండ్ లాంగ్వేజ్, ఆ తర్వాత అదీ లేదు. ఏ విషయమైనా ముందు ఇంగ్లిష్‌లో ఆలోచించడమే అలవాటు. కానీ ఈ ఒక్క విషయంలో తెలుగులోకి వచ్చాకే నాకు కొంచెం స్పష్టత వచ్చింది.

స్టీరియోటైప్ అనేది అచ్చు పని నుంచి వచ్చిన మాట. ఒకసారి పోత పోసిన లోహపు పలక మీంచి ఎన్ని వేల కాపీలైనా ఒకేలా తీయొచ్చు. తెలుగులో దీనికి "మూస" అని చక్కటి మాట ఉంది. రేసిజం అంటే జాత్యహంకారం, జాతి వివక్ష అంటున్నాం. చిక్కంతా ఈ "జాతి" దగ్గరే. జాతీయ గీతం అన్నప్పుడు జాతి అంటే దేశం. తెలుగుజాతి అన్నప్పుడు భాష. ఒంగోలు జాతి ఎద్దు అన్నప్పుడు పశువు. మా నానమ్మ ఎవరినైనా చూసి "ఏ జాతి వాళ్లో" అందంటే కులం ఆరా తీస్తోందని అర్థం. దేశం, భాష, పశువు, కులం నాలుగింటికీ ఒకటే మాట వాడుకునే మనం "మన దగ్గర రేసులే లేవు, ఇక రేసిజం ఎక్కడుంది" అని అంత తేలిగ్గా అనలేం. రాజ్యాంగం 15వ అధికరణంలో కూడా మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్నీ ఒకే వరసలో ఉంటాయి. రాసినవాళ్లకి ఇవి పక్కపక్క గదులని తెలుసు.

ఇప్పుడు అసలు కేసుకి వద్దాం. 2017లో వరసగా మూడు నెలల్లో మూడు సంగతులు జరిగాయి. అప్పుడు నేను ఐదో తరగతి, ఏదీ పట్టించుకునే వయసు కాదు. తర్వాత చదివి ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే వెన్ను జలదరించింది.

ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేత అనే ఊళ్లో ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకడు "నా దేశంలోంచి పొండి" అని అరిచి కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. అడ్డుపడబోయిన ఒక అమెరికన్ కుర్రాడికీ బుల్లెట్ తగిలింది. కాల్చినవాడు పారిపోయి ఇంకో ఊళ్లో "ఇద్దరు ఇరానియన్లని కాల్చాను" అని చెప్పుకున్నాడట. అంటే వాడి మూసలో హైదరాబాద్‌కీ టెహ్రాన్‌కీ తేడా లేదు.

మార్చిలో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఒక స్కూలు కుర్రాడు చనిపోతే, నైజీరియా వాళ్లు డ్రగ్స్ ఇచ్చారన్న పుకారు మీద నైజీరియన్ విద్యార్థుల్ని షాపింగ్ మాల్‌లో పట్టుకుని కుర్చీలతో కొట్టారు.

ఏప్రిల్‌లో ఈ దాడుల గురించి ఒక అంతర్జాతీయ టీవీ చర్చలో మాజీ ఎంపీ తరుణ్ విజయ్ మాట్లాడారు. భారతీయులకి రేసిజం లేదని నిరూపించడం ఆయన ఉద్దేశం. దానికి ఆయన ఇచ్చిన రుజువు మనమే. మాకు రేసిజమే ఉంటే తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్రా అంటూ ఈ దక్షిణాది వాళ్లందరితో ఎందుకు కలిసి ఉంటాం, మా చుట్టూ నల్లవాళ్లు ఉన్నారు కదా అన్నది ఆయన మాటల సారాంశం. గొడవ పెద్దదయ్యాక క్షమాపణ చెప్పారు, తన భావం వేరని, మాటలు సరిగ్గా కుదరలేదని అన్నారు.

ఆయన ఉద్దేశం చెడ్డది కాదనే అనుకుందాం. అయినా ఆ వాక్యం మనల్ని ఎక్కడ గుచ్చుతోంది? "నల్లవాళ్లు" అన్న దగ్గరా? నాకు అక్కడ కాదు. నేను నల్లగానే ఉంటాను, మా ఇంట్లో సగం మంది నల్లగానే ఉంటారు. గుచ్చేది "మేము కలిసి ఉంటున్నాం" అన్న దగ్గర.

ఇక్కడే తెలుగు నాకు పనికొచ్చింది. ఇంగ్లిష్‌లో "వుయ్" అంటే సరిపోతుంది, అందులో ఎదుటివాడు ఉన్నాడో లేడో చెప్పక్కర్లేదు. తెలుగులో తప్పించుకోలేం. "మనం" అంటే నువ్వూ ఉన్నావు. "మేము" అంటే నువ్వు లేవు. తరుణ్ విజయ్ వాక్యాన్ని తెలుగులో పెట్టి చూడండి. "మనం దక్షిణాది వాళ్లతో కలిసి ఉంటున్నాం" అని విజయవాడలో కూర్చుని చదివితే నవ్వొస్తుంది. అది "మేము" తప్ప ఇంకోటి కాలేదు. దేశం అంటే మేము, మీరు మా చుట్టూ ఉన్నవాళ్లు, మేం మిమ్మల్ని ఉండనిస్తున్నాం. రంగు గురించి చెప్పింది మూస. ఉండనివ్వడం మా చేతిలో ఉందని చెప్పింది జాత్యహంకారం. ఒకే వాక్యంలో రెండూ ఉన్నాయి.

దీనికి పక్కన 2024 మేలో శామ్ పిట్రోడా అన్నది పెట్టండి. తూర్పున వాళ్లు చైనీయుల్లా, పడమటివాళ్లు అరబ్బుల్లా, ఉత్తరాది వాళ్లు బహుశా తెల్లవాళ్లలా, దక్షిణాది వాళ్లు ఆఫ్రికన్లలా కనిపిస్తారు, అయినా మనమంతా అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం అన్నారాయన. సరిగ్గా మన రాష్ట్రంలో పోలింగ్‌కి ఐదు రోజుల ముందు, మే 8న ఈ మాటలు దుమారం రేపాయి. అదే రోజు ప్రధాని మోదీ వరంగల్ సభలో చర్మం రంగుని బట్టి నా దేశ ప్రజల్ని అవమానిస్తే సహించనన్నారు. ఆ సాయంత్రానికే పిట్రోడా కాంగ్రెస్ విదేశీ విభాగం పదవికి రాజీనామా చేశారు. జూన్‌లో మళ్లీ అదే పదవి ఇచ్చారు, అది వేరే సంగతి.

మాటవరసకి చూస్తే పిట్రోడా పోలిక ఇంకా మోటుగా ఉంది. 140 కోట్ల మందిని నాలుగు దిక్కులకి నాలుగు మొహాలుగా పంచేశారు. మా క్లాస్‌లో 66 మందిమి ఉంటే అందులోనే నాలుగు కాదు, నలభై రకాల మొహాలున్నాయి. అది నూటికి నూరు పాళ్లూ మూసే. కానీ ఆ వాక్యం "మనం" దగ్గర ముగుస్తుంది. ఎవర్నీ బయట నిలబెట్టలేదు, ఎవర్నీ పైన కూర్చోబెట్టలేదు. అందుకే నా లెక్కలో పిట్రోడా మాట స్టీరియోటైప్, తరుణ్ విజయ్ మాట రేసిజం. ఇద్దరూ రెండు పార్టీల వాళ్లు కాబట్టి నేను ఏ పార్టీ అభిమానినో ఊహించుకునే పని మీరు పెట్టుకోకండి.

అసలు ఆ వారం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ మాట కన్నా దానికి మన రియాక్షన్. "మమ్మల్ని ఆఫ్రికన్లంటారా" అని ఎంత కోపమో! "చైనీయుల్లా", "అరబ్బుల్లా" అన్నదానికి రాని కోపం ఆ ఒక్క దాని మీదే వచ్చింది. ఆఫ్రికన్‌లా ఉన్నావంటే అది తిట్టు ఎందుకైంది? తిట్టిందెవరు, ఆ మాట అన్నవాడా, దాన్ని తిట్టుగా తీసుకున్నవాడా?

మా క్లాస్‌లో టాంజానియా నుంచి వచ్చిన ఒకబ్బాయి ఉన్నాడు. సెకండియర్‌లో పరిచయం పెరిగాక ఒకసారి ఈ సంగతి చెప్పి, నీకేమనిపించింది అని అడిగాను. పెద్దగా నవ్వాడు. "ఆఫ్రికన్‌లా అంటే ఎవరిలా? మా ఒక్క దేశంలోనే 120కి పైగా తెగలున్నాయి. అందులో ఎవరిలా ఉంటారో చెప్పమను, అప్పుడు కోపం తెచ్చుకోవాలో లేదో చూస్తా" అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకుని, "మీవాళ్లకి కోపం వచ్చిందన్నావు చూడు, అది మాత్రం బాగా అర్థమైంది" అన్నాడు.

అతను హాస్టల్ ఖాళీ చేసి బయట రూమ్ వెతుక్కునేటప్పుడు తెలుగు మాట్లాడేవాడు ఒకడు తోడుండాలని నేనూ వెళ్లాను. మూడు చోట్ల టులెట్ బోర్డు ఉండి కూడా "ఖాళీ లేదు" అన్నారు. నాలుగో ఇంటాయన కొంచెం నిజాయితీగా నన్ను పక్కకి పిలిచాడు. "నువ్వైతే ఇప్పుడే ఇచ్చేస్తా బాబూ. వాళ్లు అదో రకం. తాగుడు, గొడవలు..." "ఇంతకుముందు ఎవరికైనా ఇచ్చారా అంకుల్?" అనడిగాను. "అబ్బే, ఎప్పుడూ ఇవ్వలేదు. టీవీలో చూస్తాం కదా" అన్నాడు.

టీవీలోకి ఎక్కడి నుంచి వచ్చింది? 2013లో గోవాలో ఒక మంత్రి నైజీరియన్లని క్యాన్సర్‌తో పోల్చి తర్వాత విచారం చెప్పారు. 2014 జనవరిలో ఢిల్లీ న్యాయశాఖ మంత్రి సోమ్‌నాథ్ భారతి అర్ధరాత్రి అనుచరుల్ని వెంటేసుకుని ఖిర్కీ ఎక్స్‌టెన్షన్‌కి వెళ్లి, డ్రగ్స్, వ్యభిచారం అంటూ ఆఫ్రికన్ మహిళల ఇంటి మీద దాడి చెయ్యమని పోలీసుల్ని ఒత్తిడి చేశారు. వాళ్ల మాటలకి క్షమాపణలు వచ్చాయో లేదో ఎవరికీ గుర్తుండదు. పదేళ్ల తర్వాత, ఎంతో దూరాన, ఒక ఇంటాయన నోట్లో "టీవీలో చూస్తాం కదా" అనే మాటగా మాత్రం అది మిగిలింది. నాయకుడి మూసకీ మామూలు మనిషి మూసకీ తేడా ఇక్కడ ఉంది. మా నానమ్మ కూడా అవతలి ఊరి వాళ్లందరినీ కలిపి "వట్టి పేచీకోర్లు" అంటుంది. ఆ మాట మా వీధి అరుగు దాటదు. ఆ ఊరి మీద ఆవిడ జీవో ఇవ్వలేదు.

ఇప్పటిదాకా రంగు. మన రెండు రాష్ట్రాల్లో రంగు కన్నా ప్రాంతం ఎక్కువ మాట్లాడుతుంది. తెలంగాణ ఉద్యమ కాలంలో "తెలంగాణ వాలే జాగో, ఆంధ్రావాలే భాగో" నినాదం మన పెద్దవాళ్లందరికీ గుర్తే. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయిన కొత్తలో, కేసీఆర్ పూర్వీకులు బిహార్ నుంచి వచ్చారని, బిహార్ డీఎన్ఏ కన్నా తెలంగాణ డీఎన్ఏ మంచిదని ఆయన అన్న మాటలు వివాదమయ్యాయి. పట్నాలో నాయకులు మండిపడ్డారు. బిహార్‌కి ఇది కొత్త కాదు. 2015లో మోదీ నితీశ్ కుమార్ డీఎన్ఏలో ఏదో లోపం ఉందన్నట్టు మాట్లాడితే, నితీశ్ పార్టీ వాళ్లు జనం గోళ్లు, వెంట్రుకలు సేకరించి ఢిల్లీకి పంపే ఉద్యమమే చేశారు.

ఇందులో రేస్ ఏముంది, అందరూ భారతీయులే కదా అంటారు. నిజమే. కానీ "డీఎన్ఏ" అనే మాటని చూడండి. "బిహార్‌లో పాలన బాగోలేదు" అంటే అది మారే సంగతి, వాదించుకోవచ్చు. "డీఎన్ఏ" అన్నారంటే అది రక్తంలో ఉంది, ఇక మారదు అని అర్థం. మా హాస్టల్ మెస్‌లో రొట్టెలు చేసే బిహార్ కుర్రాడు, అమరావతిలో సెంట్రింగ్ పని చేసే మనిషి ఎంత కష్టపడినా, ఎంత తెలుగు నేర్చుకున్నా ఆ మాట నుంచి బయటపడలేరు. సైన్స్ చెప్పేది ఏమిటంటే ఏ ఇద్దరు మనుషుల డీఎన్ఏ అయినా 99.9 శాతం ఒకటే. మన నాయకుల రాజకీయమంతా ఆ మిగిలిన 0.1 శాతంలోనే ఉందనుకోవాలి. స్వభావాన్ని పుట్టుకకి కట్టేసిన క్షణం, అక్కడ రంగు లేకపోయినా, అది రేసిజం పద్ధతిలో పనిచేయడం మొదలుపెట్టినట్టే.

అన్నీ అంత సీరియస్ కాదు. 2025 నవంబరు చివర్లో పవన్ కల్యాణ్ కోనసీమలో ఎండిపోయిన కొబ్బరి తోటలు చూసి, తెలంగాణ వాళ్ల దిష్టి తగిలిందన్నట్టు మాట్లాడితే అక్కడి మంత్రులు క్షమాపణ చెప్పమన్నారు. మాటల్ని వక్రీకరించొద్దని జనసేన వివరణ ఇచ్చింది. దిష్టి మాటని రేసిజం అంటే ఆ పెద్ద మాట పరువు పోతుంది. "ప్రతిదానికీ రేసిజం అనకండి" అన్న మిత్రులతో ఇక్కడ నేను ఏకీభవిస్తాను. అయితే ఒకటి గమనించండి. ఆ చెట్లు చనిపోయింది శంకరగుప్తం డ్రెయిన్‌లోకి సముద్రపు నీరు ఎగదన్ని, తోటల్లో ఉప్పు చేరడం వల్ల. పవన్ వెళ్లింది కూడా ఆ రైతుల గోడు వినడానికే. మరి ఆ తర్వాత వారం రోజులు టీవీలు మాట్లాడింది దిష్టి గురించి. డ్రెయిన్ గురించి మాట్లాడిన చర్చ నాకైతే ఒక్కటీ కనబడలేదు. మూస మాట తేలికైనదైనా చేసే నష్టం ఇదే. కారణం కూర్చోవాల్సిన కుర్చీలో అది కూర్చుంటుంది.

అసలు సాధారణీకరణ లేకుండా రాజకీయం సాగదు కూడా. "డెల్టాలో కౌలు రైతులకి బ్యాంకు రుణాలు అందడం లేదు" అన్నది కూడా ఒక గుంపు మొత్తం గురించి అన్న మాటే. జనాభా లెక్కలు, రిజర్వేషన్లు, పింఛన్లు అన్నీ గుంపుల లెక్కలే. 1982లో ఎన్టీఆర్ "తెలుగువారి ఆత్మగౌరవం" అన్నప్పుడు కూడా కోట్ల మందిని ఒక మాటలో పెట్టారు. తేడా ఎక్కడంటే, కౌలు రైతుల మాట వాళ్ల పరిస్థితి గురించి. లెక్క తీసి నిజమో కాదో చూడొచ్చు, నిజమైతే సరిచెయ్యొచ్చు. "వాళ్లు సోమరిపోతులు" అన్నది స్వభావం గురించి. దాన్ని లెక్క తీయలేం, సరిచెయ్యడానికీ ఏమీ ఉండదు, వాళ్లని దూరంగా పెట్టడం తప్ప.

పరిస్థితిని వదిలేసి స్వభావాన్ని పట్టుకున్న నాయకులు చట్టం చేస్తే ఏమవుతుందో చూడటానికి మనం జర్మనీ దాకా వెళ్లక్కర్లేదు. విజయవాడలో చెన్నై వైపు రైలెక్కితే బాపట్ల దాటాక, చీరాల రాకముందు ఒక చిన్న స్టేషన్ వస్తుంది. స్టువర్టుపురం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. వాళ్ల వాదన సారాంశం ఇది: ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు. కాబట్టి దొంగతనం కూడా కొన్ని కులాలకి కులవృత్తే అయి ఉంటుంది. 1911లో ఈ చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల వాళ్లని ఆ జాబితాలో చేర్చారు. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ మిషనరీల చేతుల్లో పెట్టి ఒక సెటిల్‌మెంట్ కట్టించి, దానికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. మనకి ఇంకా దగ్గరగా, ప్రకాశం బ్యారేజీ అవతలి ఒడ్డున సీతానగరంలో కూడా అలాంటి సెటిల్‌మెంట్ ఉండేది. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాస్ కావాలి. దొంగతనం చేసినందుకు కాదు, ఫలానా కడుపున పుట్టినందుకు.

అంతకుముందు ఈ ఎరుకల వాళ్లు ఏం చేసేవాళ్లు? కోస్తాలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లి అమ్మి, ధాన్యం తెచ్చేవాళ్లు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, పన్నులు ఒకవైపు, రైళ్లు ఇంకోవైపు వచ్చి ఆ వ్యాపారాన్ని చంపేశాయి. కొన్ని వేల కుటుంబాల బతుకు తెరువు పోయింది. అది పరిస్థితి. దాన్ని చూడటం ప్రభుత్వానికి ఇష్టం లేదు, ఎందుకంటే చేసింది తనే. అందుకని స్వభావం అంది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మాట పోలేదు. 1991లో ఒక్క ఏడాదిలో స్టువర్టుపురం పేరు పెట్టుకున్న సినిమాలు రెండు వచ్చాయి. 2023లో మళ్లీ ఒక పెద్ద హీరోతో స్టువర్టుపురం దొంగ కథ సినిమాగా వచ్చింది. ఇంటర్‌లో నా పక్కన కూర్చున్న అబ్బాయిని మీ ఊరేది అంటే "బాపట్ల దగ్గర" అనేవాడు. బాపట్ల దగ్గర ఎక్కడ అంటే "దగ్గరే" అనేవాడు. రెండేళ్లూ అంతే. ఎంట్రన్స్ అప్లికేషన్ పక్కపక్కన కూర్చుని నింపుతుంటే అడ్రస్ కనబడింది. నేను చూశానని అతను చూశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. వాళ్ల ముత్తాత పుట్టకముందు ఎవరో అధికారి చేసిన సాధారణీకరణని ఆ కుర్రాడు 2023లో కూడా మోస్తున్నాడు. ఇప్పుడు చెప్పండి, ఇది ఉత్త స్టీరియోటైపేనా?

ఈ తీగని ఇంకొంచెం లాగితే కులం దగ్గర తేలుతుంది. 2001లో డర్బన్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో దళిత సంఘాలు కుల వివక్షని కూడా జాతి వివక్ష కిందే చూడాలన్నాయి, భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. పేరు ఏదైనా మనకి తెలిసిన రూపం ఇదే. 2016లో ముఖ్యమంత్రిగా చంద్రబాబు ఎస్సీ కులంలో పుట్టాలని ఎవరు కోరుకుంటారన్న అర్థంలో అన్న మాట దళితుల్ని బాధపెట్టింది. 2020 మార్చిలో ముఖ్యమంత్రిగా జగన్, స్థానిక ఎన్నికలు వాయిదా వేసిన ఎన్నికల కమిషనర్ నిర్ణయాన్ని ఆయన కులంతో ముడిపెట్టి మాట్లాడారు. ఒకరు పుట్టుకని లోటుగా చూశారు, ఒకరు పుట్టుకని ఉద్దేశానికి సాక్ష్యంగా చూశారు. పై వాళ్లు అలా చదువుతుంటే కింద మన క్యాంపస్‌లో ఫ్రెషర్ రాగానే పేరు తర్వాత ఇంటిపేరు అడగడం, ఇంటిపేరు తర్వాత "ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ" అని అడగడం ఎలా ఆగుతుంది?

మనం కంప్యూటర్ వాళ్లం కాబట్టి ఒక మాట. 2018లో జాయ్ బులమ్‌వీని, టిమ్‌నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు మార్కెట్లో ఉన్న ఫేస్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్‌లని పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల విషయంలో అత్యధిక తప్పు 0.8 శాతం. నల్లటి ఆడవాళ్ల విషయంలో అది 34.7 శాతం దాకా ఉంది. ఆ కోడ్ రాసినవాళ్లలో ఎవరికీ నల్లవాళ్ల మీద పగ ఉండక్కర్లేదు. డేటాలో "మేము" ఎక్కువ ఉండి, "వాళ్లు" తక్కువ ఉంటే చాలు. రేపు లోన్ ఇవ్వాలా వద్దా, ఇంటర్వ్యూకి పిలవాలా వద్దా అని తేల్చే మోడల్స్ రాసేది మన బ్యాచ్‌లే. అప్పుడు మా నానమ్మకి లేని అధికారం మన చేతిలో ఉంటుంది.

ఇదంతా మనకే తిరిగొస్తుంది కూడా. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిస్తే, అక్కడ కొందరు ఆమెని అరబ్, టెర్రరిస్ట్ అని తిట్టారు. ఇక్కడేమో ఆ రంగుతో ఇండియాలో అయితే గెలిచేదా అని చర్చ. అక్కడి మూసలో ఆమె పరాయిది, ఇక్కడి మూసలో నల్లది. 2024 నవంబరులో ఉషా చిలుకూరి భర్త జేడీ వాన్స్ ఉపాధ్యక్షుడిగా గెలిచారని తణుకు దగ్గర వడ్లూరులో టపాసులు కాల్చారు. మూడు నెలలకే, భారతీయుల్ని ద్వేషించడం మామూలు విషయం కావాలని పోస్టు పెట్టిన ఒక కుర్ర ప్రభుత్వోద్యోగి రాజీనామా చేస్తే, ఆ పోస్టులతో ఏకీభవించనంటూనే అతన్ని తిరిగి తీసుకోవాలని వాదించింది ఆ వాన్సే. టెక్సాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఆ వారం ఫోన్‌లో, "ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు రా. కానీ లిఫ్ట్‌లో తెలుగు మాట్లాడటం మానేశాం" అన్నాడు. ఎవరూ ఏమీ అనకుండానే ఒక భాష ఒక లిఫ్ట్‌లోంచి దిగిపోయింది. నాయకుడు మాట్లాడితే అలా ఉంటుంది.

కాబట్టి చర్చలో నేను చెప్పాలనుకున్నది ఇదీ. ఒక నాయకుడు ఒక గుంపు గురించి ఏదైనా అంటే మూడు చూడాలి. ఆయన వాక్యం "మనం" అంటోందా, "మేము" అంటోందా? వాళ్ల పరిస్థితి గురించి చెబుతున్నారా, పుట్టుక గురించా? ఆ మాట రేపు ఒక ఆర్డర్‌గానో, పోలీసు లాఠీగానో, టులెట్ బోర్డు తిప్పేసే చెయ్యిగానో మారే అవకాశం ఉందా? మూడింట్లో ఏదీ లేకపోతే అది ఉత్త మూస మాట, నవ్వి వదిలేయొచ్చు, లేదా డ్రెయిన్ సంగతేమిటని అడగొచ్చు. మూడూ ఉంటే దాని పేరు రేసిజమే. అన్నవాళ్లు మన పార్టీ అయినా, మన ఊరైనా, మన కులమైనా.

మనలో చాలామందికి మొదటి ఓటు ఇంకా పడలేదు. 2029లో సభలకి వెళ్తాం, రీల్స్ చూస్తాం, ఎవరో ఒకరు మైకు ముందు "వాళ్లంతా..." అని మొదలుపెడతారు. జనం ఈల వేస్తారు. మా టాంజానియా మిత్రుడికి అప్పటికి డిగ్రీ అయిపోతుంది. రూమ్ మాత్రం దొరికింది లెండి, ఆరో ఇంట్లో. ఆ ఇంటావిడ అడిగింది రెండే ప్రశ్నలు: అద్దె ఐదో తారీకు లోపు ఇస్తావా, రాత్రి పదకొండు తర్వాత గేటు వేసుకుంటావా. మొదటి నెల అద్దె మూడో తారీకునే ఇచ్చాడు.